మూసీ వరదయు మరామతు పనులును



నేటి ప్రసంగమునకు విషయము పట్టణములోని మరామతు పనులు. ఈ మాట వినగానే “పట్టణపు మోరీలతోను వంతెనలతోను పల్లెవారమగు మాకేమి పని?” యని మీలో కొందఱకు దోచవచ్చును. హైదరాబాదు నగరమును, దాని నడుమ పాఱు మూసీనదిని ఉదాహరణముగా గైకొని ఆ సందేహమును దీర్ప యత్నించెదను. ఈ నది పైనున్న పల్లెల నీటిని పట్టణమునకు దెచ్చును. పట్టణపు నీటిని క్రింది పల్లెలకు గొనిపోవును. పైవారి యేమఱుపాటు క్రిందివారి నెత్తిమీద బడునను సత్యము ఈ తీరమున 1908వ సంవత్సరమున ఒకమాఱు ఘోరముగా రుజువైనది. నేటికిని అది ఏదో యొక రూపమున రుజువగుచునే యున్నది.

మొట్టమొదట ‘మరామతు’ అను మాటను గూర్చి కొంచెము మనవి చేసెదను. దొరల కాలములో పబ్లిక్ వర్క్స్ డిపార్టుమెంటు అని పిలువబడిన దానిని తెలుగువారు మరామతు శాఖ యనిరి. నిజాము రాజ్యములో దానికే తామీరాతు అని పేరు. రెండును అరబ్బీ మూలము గల మాటలే. తామీరు అనగా కట్టుట. మరామతు అనగా చెడినదానిని బాగుచేయుట. ఒకే శాఖకు ఒకచోట కట్టుబడిని బట్టియు, వేఱొకచోట బాగుచేతను బట్టియు పేరు వచ్చినది. ముప్పదియైదేండ్లు పిల్లలకు వ్యాకరణము చెప్పినవాడను గనుక నాకు శబ్దములయందు మోజు మెండు. అయినను ఈ రెండు మాటల నడుమనున్న యెడము ఒక నగరము మునుగుటకును మునుగకుండుటకును నడుమనున్న యెడమని కథ ముగియునప్పటికి మీరే గ్రహింపగలరు.

మూసీనది వికారాబాదు చెంత అనంతగిరి కొండలలో పుట్టి, తూర్పుగా పాఱి, హైదరాబాదు నగరమును రెండుగా జీల్చి, భువనగిరి, నల్లగొండ, సూర్యాపేట ప్రాంతములను దడుపుచు వాడపల్లి యొద్ద కృష్ణలో గలియును. నగరమునకు గొంచెము ఎగువను ఈసీ యను ఉపనది దీనితో జేరును. పౌరాణికులు మూసీని ముచికుందానది యని వ్యవహరింతురు. భాగవతమునందలి ముచికుందుని కథ మీరెఱుగనిది కాదు. దేవతల పక్షమున పోరి యలసిన ఆ రాజు, తన నిద్రకు భంగము చేసినవాడు తన చూపు సోకి భస్మమగునట్లు వరము పొంది కొండగుహలో నిదురించెను. కాలయవనుడు వానిని శ్రీకృష్ణుడనుకొని కాలదన్ని లేపి బూడిదయయ్యెను. నదికి ఆ పేరెట్లు వచ్చినను పోలిక మాత్రము చక్కగా గుదిరినది. ఏడాదిలో చాల నెలలు మూసీ ఇసుకలో నిదురించును. నిదురించుచున్నది గదా యని దాని పడకమీదనే ఇండ్లు కట్టుకొన్నవారికి, అది మేల్కొన్ననాడు ఏమగునో 1908లో తెలిసివచ్చినది.

పూర్వులు ఈ నది స్వభావమును ఎఱుగనివారు కారు. ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలమున 1578లో కట్టిన పురానాపూల్ వంతెన 1591లో నగరము వెలయుటకు మునుపటిది. నదికి చాలినంత తావు విడిచి దానికి 22 కమానులు పెట్టిరి. హుస్సేన్‌సాగరమును ఆ రాజు కాలమునాటిదే. 19వ శతాబ్ది తొలినాళ్లలో దివానుగా నుండిన మీర్ ఆలం పేరి చెఱువునకు కట్టను తిన్నని గోడగా గాక, 21 కమానులను నేలమీద పండబెట్టి వరుసగా గూర్చినట్లు కట్టిరి. నీటి త్రోపుడును ఆ వంపులు తమలో తాము పంచుకొని ప్రక్కనున్న గట్టి దిమ్మెల కప్పగించును. తరతరముల నగరవాసులు ఆ చెఱువు నీటిని ద్రావి బ్రతికిరి.

ఇక 1908వ సంవత్సరమునకు వత్తము. సెప్టెంబరు నెల చివరను వాన పట్టుకొనెను. శంషాబాదులో 24 గంటలలో 12.8 అంగుళములును, 48 గంటలలో 18.9 అంగుళములును కురిసెనని లెక్క. సెప్టెంబరు 28వ తేది సోమవారమునాడు నది గట్లు దాటి నగరములోనికి జొచ్చెను. అఫ్జల్‌గంజి, ముసల్లంజంగు, చాదర్‌ఘాటు వంతెనలు వరదపాలయ్యెను. ముసలి పురానాపూల్ దెబ్బతినియు నిలిచెను. కొలసావాడి మొదలగు పేటలు ఊడ్చుకొనిపోయెను. మృతులు సుమారు 15,000 మందియనియు, నిలువనీడ లేనివారు 80,000 మందియనియు సాధారణముగా జెప్పుదురు. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోనున్న చింతచెట్టు నెక్కి నూటయేబదిమంది ప్రాణములు దక్కించుకొనిరి. ఉర్దూ కవులలో ప్రసిద్ధుడగు అమ్జద్ హైదరాబాదీ తన తల్లిని, భార్యను, కూతును ఆ వరదలో పోగొట్టుకొని తానొక్కడు మిగిలెను. ఆనాటి నిజాము మహబూబ్ అలీఖాను దిక్కులేనివారికై అన్నశాలలు తెఱపించి, తన మహలులలో చోటిచ్చెను. బ్రాహ్మణుల మాట మన్నించి ఆయన స్వయముగా నదికి హారతి యిచ్చి శాంతి చేసెనని నగరములో నేటికిని చెప్పుకొందురు.

మా యూరు నగరమునకు దిగువను మూసీ యొడ్డుననే యున్నది. మా తాతగారు అప్పటికి పదియేండ్ల బాలుడు. వరద తీసిన నాలుగవనాడు ఊరివారు ఇసుక మేటలో నొక ద్వారబంధమును జూచిరట. గడపకు పూసిన పసుపు, పెట్టిన బొట్లు ఇంకను పోలేదట. టేకు ద్వారబంధము, పెల్లగించి తెచ్చిన తరువాత దానిని తమ యింట నిలుపుకొనుటకు ఎవరికిని చేతులాడలేదు. కడకు మా ముత్తాతగారు పశువులకొట్టమునకు అమర్చిరి. చిన్ననాట నేను ఆ గడప త్రొక్కి నడిచినప్పుడెల్ల తాతగారు “అది ఎవరి యింటిదో, దాటిపొమ్ము, త్రొక్కకుము” అని మందలించెడివారు. నగరపు వరద యనగా నాకు మొదట గుర్తువచ్చునది ఆ గడపయే.

ఇంతటి నీరు ఒక్కసారిగా ఎట్లు వచ్చినది? వాన యధికమైన మాట నిజమే. కాని యిందొక విశేషము కలదు. పల్లెపెద్దలగు మీరు దానిని మనసున బెట్టుకొనవలెను. నగరమునకు ఎగువను ఈ నదులకు నీరుబోయు నేల సుమారు 860 చదరపు మైళ్లు. ఆ నేలలో 788 చెఱువులుండెను. అనగా ఇంచుమించు మైలునకొక చెఱువు. వానిలో 221 చెఱువులు ఆ వానకు తెగెను. మన చెఱువులు గొలుసుకట్టు చెఱువులు గదా. పై చెఱువు మత్తడి దుమికిన నీరు క్రింది చెఱువులో బడును. మత్తడి దుమికినంతవఱకు మేలే. కట్ట తెగినచో ఆ మేలే కీడగును. ఒక చెఱువు నీరు మఱియొక చెఱువు కట్టను, ఆ రెండింటి నీరును మూడవదానిని తెంచుచు వచ్చును. నగరముమీద బడినది ఆకాశమునుండి దిగిన వాన యొక్కటియే కాదు; రెండువందల ఇరువదియొక్క గండ్ల నీరును దానితో గూడి వచ్చినది.

అట్టి సమయమున నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించెను. వారి పూర్వుల యూరు మోక్షగుండము. బొంబాయి సర్కారు కొలువు విడిచి విదేశములలో సంచరించుచున్న వారికి ఈ పిలుపు అందెను. 1909లో వారు హైదరాబాదునకు వచ్చి, వాన లెక్కలు, ఏటి వాలు, చెఱువుల స్థితి అన్నియు బరీక్షించిరి. గట్లు పెంచి నదిని నగరములో బిగించిన మాత్రమున చాలదనియు, నగరమునకు పైననే వరదను బట్టి నిలిపి, నది మోయగలిగినంత మేరకు మెల్లగా విడువవలెననియు వారి నిర్ణయము. అందుకై మూసీమీద నగరమునకు ఎనిమిదిన్నర మైళ్ల యెగువను, ఈసీమీద ఆఱున్నర మైళ్ల యెగువను రెండు జలాశయములు నిర్మింపవలెనని సూచించిరి. నదీతీరమున ఇండ్లకు బదులు తోటలును, బాటలును ఉండవలెననియు, మురుగునీటికి భూమిలో వేఱు మార్గము లుండవలెననియు సలహా యిచ్చిరి. ఆ యేటి నవంబరులోనే మైసూరు సంస్థానపు చీఫ్ ఇంజనీరుగా వెడలిపోయిరి. అనగా వారు ఇచ్చట నుండినది కొన్ని నెలలు మాత్రమే.

ఆ పథకము కాగితముమీద ఉండిపోకుండుటకు కారణము తరువాత వచ్చినవారు. 1911లో ఉస్మాన్ అలీఖాను రాజ్యమునకు వచ్చెను. 1912లో నగర సంస్కరణ మండలి యేర్పడి ఇఱుకు పేటలను విడదీసి బాటలు వేసి, చోటు పోగొట్టుకొన్నవారికి ఇండ్లును కట్టించెను. మూసీమీద 1913లో మొదలైన పని 1920లో ముగిసి ఉస్మాన్‌సాగరమయ్యెను. మనవారు గండిపేట చెఱువందురు. ఈసీమీద హిమాయత్‌సాగరము 1927లో పూర్తియయ్యెను. విశ్వేశ్వరయ్యగారి సహాయుడుగా నుండిన దలాలు గారును, అలీ నవాజ్ జంగు బహద్దరు గారును ఈ పనులను నడిపినవారిలో ముఖ్యులు. వేయిమందిలో తొమ్మిదివందలమంది విశ్వేశ్వరయ్యగారి పేరెఱుగుదురు. ఈ యిరువురిని ఎఱిగినవారు అరుదు. వారి క్రింద రాళ్లు మోసినవారి పేర్లు మొదలే తెలియవు.

ఈ జలాశయములలో ఒక చిక్కు కలదు. దానిని విన్నచో మరామతు ఎంత మెలకువ గల పనియో తెలియును. నగరమునకు త్రాగునీరు కావలెనన్న చెఱువు నిండియుండవలెను. నగరమును వరదనుండి కాపాడవలెనన్న చెఱువులో వెలితి యుండవలెను. ఒకే కుండతో ఈ రెండు పనులును చేయవలెను. అందుచేత వాన రాకమునుపే ఆకసమును, ఎగువ వాగులను, కొలబద్దను జూచుచు, ఎప్పుడు గేటెత్తవలెనో ఎంత యెత్తవలెనో నిర్ణయించువాడు అచ్చట నిరంతరము మేలుకొని యుండవలెను. ఉస్మాన్‌సాగరమునకు 15 గేట్లు, హిమాయత్‌సాగరమునకు 17 గేట్లు కలవు. వానికి తుప్పు పట్టినను, వానిని జూచువానికి నిద్ర పట్టినను ఫలము ఒక్కటియే. మన పల్లెలో నీరటికాడు నడిరాత్రి గొంగడి కప్పుకొని తూమునొద్దకు బోవుటయు ఇదే పని. పనివాని జీతము వేఱు కావచ్చును, ధర్మము ఒక్కటే.

మన శాస్త్రములు తటాకమును సప్తసంతానములలో నొకటిగా జెప్పినవి. చెఱువును బిడ్డగా నెంచిన మన పెద్దల బుద్ధి చాల గొప్పది. బిడ్డను కనుట ఒకనాటి పని. పెంచుట అనుదినము చేయవలసిన పని. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369నాటి శాసన మొకటి కలదు. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు చెఱువు కట్టించి వేయించినది. రోజునకు వేయిమంది కూలీలు, నూఱుబండ్లు, రెండేండ్లు పనిచేసిరని అందున్నది. చెఱువునకు కావలసిన పండ్రెండంగములను, దానికి గలుగు ఆఱుదోషములను ఆ శాసనము లెక్కపెట్టినది. కట్ట నీరుగారుట, చవిటినేల, రెండు రాజ్యముల పొలిమేరయందుండుట, నడుమ మెరక యుండుట, నీరు కొంచెమై నేల హెచ్చుట, నేల కొంచెమై నీరు హెచ్చుట అనునవి ఆ దోషములు. ఇవన్నియు కట్టువాడు చూచుకొనవలసినవి. కట్టిన తరువాత వచ్చు ఏడవ దోషమొకటి కలదు. అది మఱపు. దానిని శాసనకర్త చెప్పకపోయినను కాలము మనకు జెప్పినది.

ఆ దోషము హైదరాబాదునకు ఎట్లు పట్టినదో చూడుడు. 1931 నాటికి సిద్ధమైన భూగర్భపు మురుగు మార్గములు 5 లక్షలకు లోబడిన జనమునకై 54 చదరపు కిలోమీటర్ల మేర నిర్మింపబడినవి. 2011 జనాభా లెక్కలనాటికి మహానగరపాలక సంస్థ హద్దులలోని జనము 67 లక్షలు దాటినది. 1965 నుండి మంజీరా నీరు, తరువాత సింగూరు నీరు, 2004 నుండి కృష్ణ నీరు, 2015 నుండి గోదావరి నీరు నగరమునకు దెచ్చిరి. నీరు దెచ్చుటకు ఎంత దూరమైనను బోయిరి. తెచ్చిన నీరు వాడిన పిదప ఎటు పోవలెనను చింత అంతగా చేయలేదు. గండిపేట నీరు త్రాగువారు తగ్గినకొలది గండిపేట కాచుచున్నది త్రాగునీటిని మాత్రమే కాదను సంగతియు జనులు మఱచిరి. ఆ రెండు జలాశయములచుట్టు 10 కిలోమీటర్ల మేర, 84 గ్రామములలో పెద్ద కట్టడములను, చెఱుపు చేయు పరిశ్రమలను నిషేధించుచు 1996లో ప్రభుత్వము 111వ నంబరు ఉత్తరువును వెలువరించెను. 2022లో మఱియొక ఉత్తరువుతో ఆ నిషేధములను సడలించిరి. ఆ గ్రామములలోని రైతులు “పొరుగూరి భూమి కోట్లు పలుకుచుండగా మా భూమికి మాత్రము సంకెల యేల?” యని యడిగిరి. వారి మాటలో న్యాయము లేకపోలేదు. నగరము మేలుకొఱకు పల్లె కట్టడి పాటించినప్పుడు ఆ పల్లెకు నగరము ఏమైన ఇచ్చుకొనవలెను గదా. అది జరుగలేదు, కనుక కట్టడి భారమైనది.

నగరములోపలి చెఱువుల కథయు నిట్లే. శిఖము భూమి వేసవిలో ఎండి కనబడినంతనే ఇండ్లస్థలముగా గానవచ్చెను. ఒక చెఱువునుండి మఱియొక చెఱువునకు వాననీటిని గొనిపోవు నాలాలు ఇఱుకైనవి. పైన వెడల్పుగా వచ్చిన నాలా క్రింద రెండు గోడల నడుమ సన్నగిల్లినచో, నీరు వెనుకకు తిరిగి యిండ్లలో దూఱక ఏమి చేయును? దానిలోనే మురుగు గలిపిరి, చెత్త పోసిరి. 2000 ఆగస్టు 24న నగరములో ఒక్కదినమున 24 సెంటీమీటర్ల వాన కురియగా హుస్సేన్‌సాగరపు దిగువ పేటలు మునిగెను. 2020 అక్టోబరు 13, 14 తేదీలలో నగర పరిసరములలో కొన్నిచోట్ల 30 సెంటీమీటర్లకు మించి కురిసెను. ఆ వారముననే దక్షిణభాగమున గుఱ్ఱము చెఱువునకు గండిపడి బస్తీలు మునిగెను. 2025 సెప్టెంబరు చివరను జంట జలాశయముల గేట్లెత్తినప్పుడు, నదీగర్భముననే కట్టిన మహాత్మాగాంధీ బస్సు స్టేషనులోనికి నీరు వచ్చి, రాత్రివేళ ప్రయాణికులను బయటికి చేర్చవలసివచ్చెను. అదే నది, అదే సెప్టెంబరు మాసము, నూటపదునేడేండ్ల యెడము. జలాశయములే లేకున్నచో అనర్థ మెంత యగునో ఊహింపుడు. అవి నిలిచినవి కనుకనే కథ బస్సు స్టేషనుతో ముగిసినది.

ఇప్పుడు నగరమున పలు పనులు తలపెట్టినారు. నాలాల వెడల్పునకై 2021లో ఒక ప్రత్యేక పథకము ప్రారంభమైనది. ఆ సంవత్సరముననే 31 మురుగునీటి శుద్ధికేంద్రములకు అనుమతి లభించినది. చెఱువుల, నాలాల ఆక్రమణములను తొలగించుటకై 2024లో ‘హైడ్రా’ యను సంస్థ వెలసినది. మూసీతీరమును బాగుచేయుటకును ఒక సంస్థ యున్నది. ఈ ప్రయత్నములు శ్లాఘింపదగినవే. కాని వీనిని జూచునప్పుడు మన మడుగవలసిన ప్రశ్నలు రెండు. మొదటిది: నదిలోనుండి లేపబడిన పేదవాడు ఎక్కడికి పోవును? కొందఱికి వేఱుచోట ఇండ్లు చూపిరి; ఇల్లు దొరకినను కూలిపని దూరమైనవారు ఉందురు. 1912నాటి మండలి కూల్చుటతో నూఱకుండక ఇండ్లును కట్టించినదని ఇంతకుముందే మనవి చేసితిని. రెండవది: కొత్తగా కట్టిన నాలాలో మూడేండ్ల తరువాత పూడిక తీయువాడెవడు? వానికి జీతమిచ్చు పద్దు ఏది? ప్రారంభోత్సవమునకు పద్దు సులభముగా దొరకును. పూడికకు దొరకదు.

ఇక మన దిగువ పల్లెల సంగతి. మా తాతగారి కాలమున వానలు తగ్గినపిమ్మట మూసీలో చెలమలు తీసి నీరు ద్రావెడివారు. నేడు ఆ నది మా యూరియొద్ద సంవత్సరము పొడవునను పాఱుచున్నది. నదికి జీవము పెరిగెనని పిల్లలు సంతోషింతురు. అది నగరపు మురుగని పెద్దలకు దెలియును. ఆ నీటిని కత్వలు గట్టి కాలువలకు మళ్లించి వరి పండించుచున్నాము. గడ్డి పెంచి పాలపశువులను మేపుచున్నాము. నీటికి కఱవు లేదు, నిజమే. బావులలో నీరు పాడైనది. పొలములో దిగిన కూలివాని కాళ్లకు దురదలు వచ్చుచున్నవి. సూర్యాపేట చెంత 1963లో పూర్తియైన మూసీ ప్రాజెక్టులో నిలుచునదియు ఈ నీరే. నగరములో నొక శుద్ధికేంద్రము సరిగా నడచినచో అది మా పొలమున కనబడును. నడువకున్నచో అదియు మా పొలముననే కనబడును. కావున పట్టణపు మోరీతో పల్లెకేమి పనియని అడుగువారికి మా బావి నీటిని చూపుదును.

ఇంతసేపు పట్టణమును దప్పుపట్టితిని. నా తప్పును జెప్పుకొనక ముగించుట ధర్మము కాదు. నేనొక పల్లెలో ప్రధానోపాధ్యాయుడుగా నున్న కాలమున బడికి ప్రహరీగోడ మంజూరైనది. ఆ గోడ తిన్నగా రావలెనన్న, చెఱువు మత్తడినుండి వచ్చు పాతకాలువను దాటవలెను. కాలువ పదేండ్లుగా పాఱలేదు. ఊరిలోని ముసలి నీరటికాడు వచ్చి, “పంతులుగారూ, అది నీళ్ల బాట, మూయకుండ్రి” యని చేతులు జోడించెను. పిల్లలకు ఆటస్థలము పెరుగునను ఆశతో నేను నవ్వి పంపివేసితిని. గోడ లేచినది. నాలుగవయేట చెఱువు నిండి మత్తడి పాఱినది. గోడకు దగిలిన నీరు ప్రక్కకు మళ్లి కూలివారి వాడలో జొచ్చినది. ప్రాణములు పోలేదు గాని, పదునాలుగిండ్లలో గింజలు తడిసినవి, గోడలు నానికూలినవి. మఱునాడు ఆ నీరటికాడు నాకెదురై నమస్కరించెనే కాని ఒక్కమాటయు ననలేదు. అమరకోశము కంఠస్థమైన నాకు తెలియని మాట, చదువురాని వానికి దెలిసెను. నది నిద్రించుచున్నదేగాని చావలేదను మాట యది.

కావున పెద్దలారా, మీకు మనవి చేయదగినవి మూడు. రోహిణికార్తె వెళ్లకమునుపే ఊరిలో నలుగురు కలిసి కట్టమీద ఈ కొననుండి ఆ కొనవఱకు నడువుడు. ఎలుకబొక్క, చెట్టువేరు, తూము పగులు, మత్తడి పూడిక అన్నియు కన్నులార జూచి వ్రాసిపెట్టుడు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీసిన చెఱువైనను, ఒకమాఱు తీసితిమి గదా యని విడిచిన మరల నిండును. రెండవది: శిఖపు హద్దులు, కాలువల హద్దులు పటములో నున్నట్లు నేలమీద నున్నవో లేవో సర్వే చేయించి రాళ్లు పాతింపుడు. ఆ రాయి పీకువాడు మనవాడైనను ఒప్పుకొనకుడు. మూడవది: మీ బిడ్డలు పట్టణమున స్థలము కొందుమని వచ్చినప్పుడు ధర యెంతయని మాత్రమే అడుగక, వాననీరు అచ్చట ఏ దారిని బోవునని యడుగుడు. ఈ ప్రశ్న నడుగుటకు మీకున్న యనుభవము వారికి లేదు.

నాటి పశువులకొట్టము ఎప్పుడో కూలినది. ఆ ద్వారబంధమును మా యింటి వెనుక వసారాలో ఆనించి యుంచితిమి. ఆ గడప ఎవరిదో మాకు నేటికిని తెలియదు. ఈ వానకాలమునకు ముందు దానికి చమురు రాయవలెను.